కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు రాత్రిళ్లు కాళ్లు నిలవకపోతే: ఇంట్లో ఏం చేయాలి, డాక్టరుకు ఏం చెప్పాలి

"సిస్టర్, పగలంతా బాగానే ఉంటాను. పడుకుంటే మాత్రం కాళ్లు ఊరుకోవు." తిరుపతిలో డయాలసిస్ నర్సుగా పనిచేస్తున్న ఈ పన్నెండేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మాటలు మారతాయి, అంతే. ఒకరు గుంజుతున్నాయంటారు, ఒకరు పీకుతున్నాయంటారు. ఎముకల లోపల చీమలు పాకినట్టుందని ఒకావిడ చెప్పింది. "నొప్పా?" అని అడిగితే చాలామంది కాసేపు ఆలోచించి, "నొప్పి అని కాదు, కదిలించకపోతే ఉండలేను" అంటారు. ఆ చివరి మాటే అసలు గుర్తు.

దీని పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. డాక్టర్లు చీటీ మీద ఆర్.ఎల్.ఎస్. అని రాస్తారు. డయాలసిస్ చేయించుకునేవాళ్లలో నలుగురిలో ఒకరికి దగ్గరగా ఇది ఉంటుంది. డయాలసిస్ దాకా రాని కిడ్నీ జబ్బులోనూ వస్తుంది. అయినా ఇంట్లో దీన్ని నీరసం అనో, వయసు అనో, టెన్షన్ అనో అనేసి వదిలేస్తారు. ఓపీలో డాక్టరు బీపీ, నీరు, క్రియాటినిన్ చూసేసరికి మన వంతు అయిపోతుంది. రాత్రి నిద్ర సంగతి వాళ్లు అడగరు, మనం చెప్పం. అందుకే అందరికీ విడివిడిగా చెప్పే సంగతులన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. దీన్ని చాలావరకు తగ్గించవచ్చు. ఏం చేయాలన్నా ముందు మీరు నోరు తెరిచి చెప్పాలి, అదీ సరైన మాటల్లో.

కావలసినవి

- ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను. దిండు పక్కనే ఉండాలి.
- మీరు వాడే మందులన్నీ, ఒక్కటీ వదలకుండా. జలుబుకని, దురదకని మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకున్నవి, నాటు మందులు కూడా.
- చివరి రక్త పరీక్షల కాగితాలు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీశాట్ (ఈ రెండూ ఒంట్లో ఐరన్ ఎంత ఉందో చెప్పేవి), పొటాషియం, ఫాస్ఫరస్, షుగర్ ముఖ్యం.
- ఒక బకెట్, ఒక తువ్వాలు.
- రాత్రి మీ పక్కన పడుకునే మనిషి. నిద్రలో మీ కాళ్లు ఎగిరెగిరి పడుతున్నాయో లేదో మీకు తెలియదు, వాళ్లకే తెలుస్తుంది.

1. ముందు ఇది అదేనా అని తేల్చుకోండి

ఈ రాత్రే చూడండి. నాలుగు ప్రశ్నలు.

కాళ్లు కదిలించాలని ఆపుకోలేనంతగా అనిపిస్తోందా? కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడే మొదలవుతోందా? లేచి నాలుగడుగులు వేస్తే, వేస్తున్నంతసేపైనా తగ్గుతోందా? పొద్దున కంటే సాయంత్రం, రాత్రి ఎక్కువా? నాలుగింటికీ అవునంటే చాలావరకు ఇదే. ఒకటి రెండిటికి కాదంటే వేరే కారణం వెతకాలి.

పొరపడేది ఎక్కువగా మూడింటితో. పిక్క పట్టేయడం వేరు. అందులో కండ రాయిలా గట్టిపడి, చేత్తో పట్టుకుంటే ఉండలా తగులుతుంది, ప్రాణం పోయేంత నొప్పి ఉంటుంది. డయాలసిస్‌లో నీరు ఎక్కువ తీసినప్పుడు వచ్చేది అదే. రెండోది షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు, దూది మీద నడిచినట్టు ఉండటం. అది పగలూ రాత్రీ ఉంటుంది, నడిస్తే పోదు. షుగరూ కిడ్నీ జబ్బూ రెండూ ఉన్నవాళ్లకు ఈ మంటలూ, నిలవని కాళ్లూ కలిసే ఉండవచ్చు, అప్పుడు రెండూ విడివిడిగా చెప్పాలి. మూడోది రక్తం సరిగా అందకపోవడం. దీంట్లో అంతా తిరగేసి ఉంటుంది: నడిస్తే పిక్కల్లో నొప్పి వస్తుంది, ఆగితే తగ్గుతుంది.

జాగ్రత్త: ఒక్క కాలే వాచి, ఎర్రగా, వేడిగా ఉంటే పిసకవద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. కాళ్లలో ఒక్కసారిగా సత్తువ పోయి, గుండె దడగా ఉన్నా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయండి. అది పొటాషియం పెరిగిన లక్షణం కావచ్చు. తెల్లారేదాకా ఆగే పని కాదు.

2. ఏడు రోజులు రాయండి

డాక్టరు దగ్గర "నిద్ర పట్టడం లేదు" అంటే నిద్ర మాత్ర రాస్తారు. ఏడు రోజుల లెక్క చూపిస్తే వైద్యం వేరుగా ఉంటుంది. పెద్దగా రాయనక్కర్లేదు, రోజుకు ఒక్క వరుస చాలు:

"మంగళవారం. డయాలసిస్ రోజు. తొమ్మిదిన్నరకు పడుకున్నా. పదికి మొదలు. మూడుసార్లు లేచా. రెండింటికి నిద్ర. బాధ 10కి 8. సాయంత్రం రెండు కాఫీలు. దురదకు ఒక మాత్ర."

అసలు లేకపోతే సున్నా, భరించలేనంతగా ఉంటే 10. చదువు రానివాళ్లు మనవడిచేత రాయించండి, లేదా క్యాలెండర్‌లో ఆ తేదీ మీద లేచినన్ని సార్లు గీతలు గీయండి. అదీ పనికొస్తుంది.

జనం చేసే తప్పు ఏమిటంటే, బాగా ఇబ్బంది పడ్డ రాత్రే రాసి, బాగున్న రాత్రి వదిలేయడం. బాగున్న రాత్రి ఆ రోజు ఏం తిన్నారు, ఏం వేసుకోలేదు అన్నదాంట్లోనే చాలాసార్లు జవాబు దొరుకుతుంది.

3. మందుల సంచి మంచం మీద కుమ్మరించండి

అన్నింటికంటే ఎక్కువ ఫలితం నేను చూసింది ఈ పనితోనే. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

పీలేరు వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన. టమాట రైతు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒకరోజు భార్య కూడా వచ్చింది. "రాతిరంతా వసారాలో తిరగతానే ఉంటాడు సిస్టరమ్మా. కూసోమంటే కూసోడు, పడుకోమంటే పడుకోడు. చల్లగా ఉంటాదని ఉత్త గచ్చు మీద కాళ్లు రుద్దుతా ఉంటాడు" అంది. ఆయన మడమలు చూశాను. గచ్చుకు రుద్దీ రుద్దీ చర్మం అరిగి, పగుళ్లలో సిమెంటు ధూళి నల్లగా పేరుకుని ఉంది. మందులు తెమ్మన్నాను. చీటీలో రాసినవన్నీ ఒక డబ్బాలో సక్రమంగా ఉన్నాయి. చొక్కా జేబులో మాత్రం ఇంకో అట్ట ఉంది. దురదకు వేసుకునే ఎవిల్ మాత్రలు. పది మాత్రల అట్టలో మూడే మిగిలాయి. దురద ఎక్కువైతే పడుకునేముందు రెండేసి వేసుకుంటున్నాడు. అది వేసుకుంటే మత్తు వస్తుంది కదా, నిద్ర పడుతుందనుకున్నాడు. మత్తూ వచ్చింది, కాళ్లూ నిలవలేదు. డాక్టరుతో మాట్లాడి దురదకు వేరే దారి చూశాక, మూడో వారానికి ఆయన రాత్రి ఒకటి రెండుసార్లు లేవడం దాకా వచ్చాడు. పూర్తిగా పోలేదు. కానీ వసారాలో నడవడం ఆగింది.

ఈ బాధను పెంచే మందులు ఇవి. మీ సంచిలో ఉన్నాయేమో చూడండి:

- మత్తునిచ్చే దురద, జలుబు, దగ్గు మందులు: ఫెనిరమిన్ (ఎవిల్ అంటే ఇదే), క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజిన్. దగ్గు సిరప్పుల్లో, జలుబు మాత్రల్లో ఇవి కలిసే ఉంటాయి. పేరు వేరుగా ఉంటుంది కాబట్టి సీసా మీద చిన్న అక్షరాలు చదివించండి.
- కొన్ని వాంతుల మందులు: మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్. కిడ్నీ జబ్బులో వికారం మామూలే కాబట్టి ఇవి ప్రతి ఇంట్లోనూ దొరుకుతాయి.
- దిగులుకు, నిద్రకు, నరాల మంటలకు ఇచ్చే కొన్ని మందులు: అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి. కాళ్ల మంటలకని అమిట్రిప్టిలిన్ మొదలుపెట్టాక కాళ్లు నిలవకుండా పోయాయి అని చెప్పినవాళ్లున్నారు.
- మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు.

జాగ్రత్త: ఈ పట్టీ చూసి ఏదీ మీ అంతట మీరు ఆపవద్దు. దిగులు మందులు, మానసిక జబ్బుల మందులు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. మాత్రల అట్ట చూపించి "ఇది కాళ్ల బాధను పెంచుతుందా, దీని బదులు వేరేది ఉందా?" అని అడగండి, చాలు. వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి ఉన్నాయి. దురదకు ముందు ఫాస్ఫరస్ అదుపులో ఉందో చూడాలి. స్నానం చేసి, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గానీ, వాసన లేని మాయిశ్చరైజర్ గానీ రాయాలి. చాలామందికి దురద సగం చర్మం ఎండిపోవడం వల్లే. డయాలసిస్ మధ్యలో దురదకు ఇంజెక్షన్ అడిగి వేయించుకునేవాళ్లు, ఆ రాత్రి కాళ్లు ఎలా ఉన్నాయో నోటుబుక్కులో తప్పకుండా రాయండి.

4. ఐరన్ సంగతి చూడండి

మెదడు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేయాలంటే ఐరన్ కావాలి. కాళ్ల కదలికను అదుపులో పెట్టే వ్యవస్థ దాని మీద ఆధారపడి ఉంది. కిడ్నీ జబ్బులో తిన్న ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, డయాలసిస్‌లో ప్రతిసారీ కొంచెం రక్తం పోతుంది. సిద్ధాంతం ఇంతకంటే అక్కర్లేదు.

చేయాల్సింది: ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ రెండూ చేయించమని అడగండి. రెండోదాన్నే టీశాట్ అంటారు. హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే సరిపోదు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఫెరిటిన్ 60 వచ్చిందనుకోండి. ల్యాబ్ కాగితంలో అది నార్మల్ అనే ఉంటుంది, నల్లగా దిద్ది ఉండదు. మనం "నార్మల్ వచ్చింది" అని మడిచి పెట్టేస్తాం. కానీ ఈ కాళ్ల బాధ ఉన్నవాళ్లకు లెక్క వేరు. కిడ్నీ జబ్బు లేనివాళ్లలోనే ఫెరిటిన్ 75 దాటకపోతే ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. డయాలసిస్ వాళ్లకు ఫెరిటిన్ 200 కంటే తక్కువ, టీశాట్ 20 శాతం కంటే తక్కువ ఉంటే రక్తనాళంలోకి ఐరన్ సుక్రోజ్ ఇవ్వమని నిద్ర వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే అంకె చూపించి అడగండి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది. ఫెరిటిన్ ఎక్కువ, టీశాట్ తక్కువ ఉంటే "ఐరన్ సరిపోయింది" అని అనుకోవద్దు.

ఐరన్ ఇంజెక్షన్ ఆసుపత్రిలోనే వేయించుకోవాలి. జ్వరం గానీ, కేథటర్ (డయాలసిస్ కోసం రక్తనాళంలో పెట్టే గొట్టం) దగ్గర చీము గానీ ఉంటే ముందే చెప్పండి, అప్పుడు వాయిదా వేస్తారు. ఎక్కిస్తుండగా ఛాతీ పట్టేసినట్టున్నా, ఆయాసం వచ్చినా వెంటనే సిస్టర్‌ను పిలవండి. డయాలసిస్ లేనివాళ్లకు డాక్టరు మాత్రలే ఇస్తే, వాటిని కాఫీ, టీలతో వేసుకోవద్దు. క్యాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి. రెండూ కలిపి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు.

ఇక తిండి. చిత్తూరు జిల్లాలో ఎవరికి రక్తం తక్కువన్నా రాగి సంగటి తినమంటారు, బీట్‌రూట్ జ్యూస్ తాగమంటారు, ఖర్జూరాలు చేతిలో పెడతారు. ప్రేమతోనే పెడతారు. కానీ కిడ్నీ జబ్బు ఉన్న మనిషికి బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరం, కొబ్బరినీళ్లు పొటాషియాన్ని పెంచి గుండె మీదికి తెస్తాయి. రాగుల్లో ఐరన్ ఉన్నా మన ఒంటికి పట్టేది కొంచెమే, దాంతోపాటు ఫాస్ఫరస్, పొటాషియం వస్తాయి. సంగటి పూర్తిగా మానాలా, వారానికి ఎన్ని ముద్దలు తినవచ్చు అన్నది మీ రిపోర్టు చూసి డైటీషియన్ చెప్పాలి. తగ్గిన ఐరన్‌ను తిండితోనే సరిచేద్దామని మాత్రం చూడవద్దు, ఈ జబ్బులో అది అయ్యే పని కాదు.

5. డయాలసిస్ నాలుగు గంటలూ కాళ్లను ఎలా నిలుపుకోవాలి

కాళ్లు నిలవక మూడు గంటలకే "తీసేయండి సిస్టర్" అని బతిమాలేవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. తీసేస్తే ఆ పూటకు హాయి. కానీ మురికి రక్తంలోనే మిగిలిపోతుంది. అలా తరచూ గంట గంట తగ్గించుకుంటూ పోతే ఒళ్లు పాడవుతుంది, కాళ్ల బాధా తగ్గదు. దిగే బదులు ఇవి చేయండి.

వీలుంటే పొద్దున షిఫ్టు అడగండి. ఈ బాధ సాయంత్రం నుంచి పెరుగుతుంది కాబట్టి పొద్దున నాలుగు గంటలు పడుకోవడం తేలిక. ఊరి నుంచి మొదటి బస్సుకు రావాలంటే కష్టమే, కానీ ఒక నెల చేసి చూడండి.

సూదులు పెట్టాక, బీపీ నిలకడగా ఉందని సిస్టర్ చెప్పాక, మొదటి రెండు గంటల్లో కాళ్లతో పని చేయించండి. పాదాన్ని ముందుకు చాచి, వెనక్కి మీ వైపు లాగండి. ఇలా 20 సార్లు, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ. కొన్నిచోట్ల మంచానికి తగిలించే పెడల్ సైకిల్ ఉంటుంది. ఉంటే డాక్టరును అడిగి వాడండి. డయాలసిస్ సమయంలో ఇలా వ్యాయామం చేసినవాళ్లలో ఈ బాధ తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. చివరి గంటలో బీపీ పడిపోవచ్చు కాబట్టి అప్పుడు వద్దు.

మనసుకు పని పెట్టండి. టీవీ చూస్తూ పడుకుంటే కాళ్ల మీదికే ధ్యాస పోతుంది. ఫోన్‌లో లూడో ఆడేవాళ్లకు, పక్క మంచం ఆయనతో రాజకీయాలు వాదించేవాళ్లకు గంట ఇట్టే గడిచిపోవడం రోజూ చూస్తున్నాను. మా దగ్గర ఒకావిడ విష్ణు సహస్రనామం పుస్తకం చూడకుండా నేర్చుకుంది, మొత్తం డయాలసిస్ మంచం మీదే.

జాగ్రత్త: సూదులున్న చెయ్యి కదలకూడదు. మంచం దిగి నిలబడకూడదు. గజ్జల్లో కేథటర్ ఉన్నవాళ్లు ఆ కాలు మడవకూడదు, ఈ వ్యాయామాలు ఆ కాలితో చేయవద్దు.

6. సాయంత్రం నుంచి పడుకునేదాకా

మధ్యాహ్నం భోజనం తర్వాత కాఫీ, టీ వద్దు. తిరుపతిలో ఉండి సాయంత్రం ఫిల్టర్ కాఫీ మానమంటే కష్టమని నాకు తెలుసు. రెండు వారాలు మానేసి నోటుబుక్కు చూడండి, తేడా లేకపోతే మళ్లీ తాగండి. మద్యం, బీడీ, సిగరెట్ మాత్రం రెండు వారాల లెక్క కాదు, పూర్తిగా మానాల్సిందే.

ఎండ తగ్గాక 20 నిమిషాలు మామూలు నడక. ఎక్కువ నడిస్తే ఎక్కువ మేలనుకుని అలసిపోయేదాకా నడిస్తే రాత్రి ఇంకా పెరుగుతుంది.

పడుకునేముందు గోడ దగ్గర నిలబడండి. రెండు చేతులూ గోడకు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు అదిమి, ముందుకు వంగండి. పిక్క లాగినట్టు తెలియాలి, నొప్పి పుట్టకూడదు. 30 అంకెలు లెక్కపెట్టి కాలు మార్చండి. ఒక్కో కాలికి మూడుసార్లు. నిలబడలేనివాళ్లు మంచం మీద కాళ్లు చాపి, తువ్వాలు పాదానికి తగిలించి రెండు కొసలూ తమ వైపు లాగితే అదే పని జరుగుతుంది.

తర్వాత గోరువెచ్చని నీళ్లలో మోకాళ్ల దాకా 10 నిమిషాలు. కొందరికి వేడి పనిచేస్తుంది, కొందరికి చల్లదనం. మే నెలలో మన ఎండలకు తడి తువ్వాలు పిక్కలకు చుట్టుకుంటేనే హాయిగా ఉందని చాలామంది చెబుతారు. రెండూ చూసి మీకు పడేది పెట్టుకోండి. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు పిక్కలను అరచేత్తో నిదానంగా, గట్టిగా అదిమితే మంచిది.

ఇక్కడ జరిగే తప్పులు నాలుగు. నీళ్ల వేడిని పాదంతో చూడవద్దు. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, బొబ్బలెక్కినా తెలియదు. ఇంట్లో వేరేవాళ్లు మోచేత్తో చూడాలి. వేడినీళ్ల సంచి, వేడి ఇటుక, కాచిన ఇసుక మూట వద్దే వద్దు. పిక్కలకు గుడ్డ బిగించి కట్టుకుని పడుకోవద్దు. అన్నింటికంటే ముఖ్యం, నొప్పి మాత్రలు వేసుకోవద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి, ఈ బాధకు పనికిరావు. పేరు లేని భస్మాలు, లేహ్యాలూ అంతే. కొన్నిటిలో సీసం, పాదరసం ఉంటాయి.

రాత్రి లేచి నడవాల్సి వస్తే దారిలో చిన్న లైటు వెలిగి ఉండాలి. డయాలసిస్ రోజు రాత్రి బీపీ తక్కువగా ఉండి కళ్లు తిరగవచ్చు. వేసవిలో మిద్దె మీద పడుకునే అలవాటు ఉంటే, ఈ బాధ తగ్గేదాకా కింద పడుకోండి. పిట్టగోడ లేని మిద్దె మీద నిద్రమత్తులో నడవడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

తెల్లవారుజామున కాళ్లు వాటంతటవే శాంతిస్తాయి. ఆ రెండు మూడు గంటల నిద్ర బంగారం. పొద్దున ఆలస్యంగా లేస్తే ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకోకుండా పడుకోనివ్వాలి.

7. డాక్టరు దగ్గర ఈ మాటలు చెప్పండి

"డాక్టర్, పడుకుంటే కాళ్లు కదిలించకుండా ఉండలేకపోతున్నాను. నడిస్తే తగ్గుతుంది. రాత్రే ఎక్కువ. ఇన్ని రోజుల నుంచి ఉంది. ఇది ఏడు రోజుల లెక్క. నేను వాడే మందులన్నీ ఇవి. నా ఫెరిటిన్ ఇంత, టీశాట్ ఇంత." ఒక్క నిమిషం కూడా పట్టదు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికి వెళ్లినా, చిత్తూరు వాళ్లు అలవాటుగా వేలూరు ఆసుపత్రికి వెళ్లినా, మీ ఊళ్లో చూపించుకున్నా ఇదే చెప్పండి.

పై పనులన్నీ చేశాక కూడా బాధ ఉంటే మాత్రలు ఇస్తారు. ఎక్కువగా గాబాపెంటిన్. దురద ఉన్నవాళ్లకు అదీ తగ్గుతుంది. అయితే ఈ మందు ఒంట్లోంచి కిడ్నీల ద్వారానే పోవాలి. కిడ్నీ పనిచేయనివాళ్లకు ఒంట్లోనే నిలిచిపోతుంది. అందుకే డయాలసిస్ వాళ్లకు మామూలుగా 100 మిల్లీగ్రాములతో, డయాలసిస్ అయ్యాక ఇచ్చి చూస్తారు. నడుం నొప్పికి పక్కింటాయన వేసుకునే 300 మిల్లీగ్రాముల మాత్ర మీరు మూడు పూటలా వేసుకుంటే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను: పగలంతా తూలుడు, చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగరడం, మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం. ఇలా ఏది కనిపించినా తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రీగాబలిన్‌కూ ఇదే జాగ్రత్త. నిద్ర మాత్రలతో, ట్రమడాల్ అనే నొప్పి మందుతో కలిపి ఇవి వేసుకుంటే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

కొందరికి ప్రామిపెక్సోల్, రోపినిరోల్ ఇస్తారు. మొదట్లో అద్భుతంగా పనిచేస్తాయి. నెలలు, ఏళ్లు గడిచేసరికి రాత్రి పదికి మొదలయ్యేది సాయంత్రం ఐదుకే మొదలవడం, చేతులకూ పాకడం జరగవచ్చు. అప్పుడు ఇంకో మాత్ర పెంచుకోవద్దు, మందు వల్లే పెరుగుతోందని డాక్టరుకు చెప్పండి. చేతిలో డబ్బు ఆగకపోవడం, పేకాట మీదికి మనసు పోవడం కూడా ఈ మందుల వల్ల రావచ్చు. ఇంట్లోవాళ్లు తిట్టకుండా డాక్టరుకు చెప్పాలి. వీటినీ ఒక్కసారిగా ఆపకూడదు.

విటమిన్ సి కొందరికి పనిచేస్తుంది. కానీ కిడ్నీ జబ్బులో ఎక్కువ మోతాదు ఆక్సలేట్ అనే పదార్థంగా మారి ఒంట్లో పేరుకుంటుంది, సొంతంగా కొని వేసుకోవద్దు. కిడ్నీ మార్పిడి జరిగి కొత్త కిడ్నీ బాగా పనిచేస్తే ఈ బాధ చాలామందిలో తగ్గుతుంది.

8. ప్రయాణం, దర్శనం

తిరుమల వెళ్లాలనుకుంటే డయాలసిస్ లేని రోజు, పొద్దున పూట, సమయం రాసి ఉన్న టికెట్ తీసుకోండి. సాయంత్రం దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్‌లో గంటల తరబడి కూర్చోవడం ఈ కాళ్లకు నరకం. వరుస చివర కూర్చుంటే మధ్యమధ్యలో లేచి నిలబడవచ్చు. అలిపిరి దారిలో మెట్లు 3,550. మొక్కు ఉన్నా, డాక్టరు సరేనంటేనే నడవండి. బస్సులో కిటికీ పక్కన కాకుండా నడవ పక్కన సీటు తీసుకోండి. వాంతి వస్తుందని ఘాట్ రోడ్డు ఎక్కేముందు మెడికల్ షాపులో ఏదో మాత్ర కొని వేసుకునే అలవాటుంటే, మూడో అంశం మరోసారి చదవండి.

9. తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది

మందు మార్చినా, అలవాటు మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. రెండు వారాలకు ఒకసారి, నాలుగు వారాలకు ఒకసారి మళ్లీ ఏడు రోజులు రాయండి. మూడు అంకెలు పోల్చండి: నిద్ర పట్టడానికి ఎంతసేపు, ఎన్నిసార్లు లేచారు, బాధ పదికి ఎంత. 8 ఉన్నది 4కు వస్తే మంచి మార్పే. ఐరన్ ఎక్కించాక మర్నాడే తేడా కోసం చూడవద్దు, కొన్ని వారాలు పడుతుంది. నెల దాటినా అంకె కదలకపోతే నరాల డాక్టరుకు చూపించమని మీ కిడ్నీ డాక్టరును అడగండి.

ఒకసారి తగ్గి, మళ్లీ ఒక రాత్రి మొదలైతే కంగారు పడకండి. గత నెలలో ఇంట్లోకి కొత్తగా వచ్చిన మాత్ర ఏదో వెతకండి. టమాట రైతుకు ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి జేబులో ఏమీ లేదు. దగ్గుకని కూతురు తెచ్చిచ్చిన సిరప్ సీసా వంటింటి అలమరలో ఉంది.